రెండు వేలు మిగుల్చుకుందామా, లాయరుని పెట్టుకుందామా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మేం న్యూజెర్సీలో, మిడిల్‌సెక్స్ కౌంటీలో ఉంటున్నాం. ఎనిమిది నెలలు తిరగ్గా తిరగ్గా ఒక ఇల్లు కుదిరింది. 7 లక్షల 20 వేల డాలర్లు. శుక్రవారం సాయంత్రం డాక్యుసైన్‌లో, ఫోన్లోనే సంతకాలు పెట్టేశాం. అమ్మేవాళ్లూ పెట్టేశారు. మా రియల్టర్ తెలుగాయనే, అన్నయ్యా అనే పిలుస్తాం. ఇప్పుడాయన "వెంటనే అటార్నీని పెట్టుకోండి" అంటున్నారు. మావారి స్నేహితుడేమో "డాలస్‌లో మేం కొన్నప్పుడు లాయరూ లేడు, ఎవరూ లేరు. టైటిల్ కంపెనీ వాళ్లే అంతా చూసుకున్నారు. రెండు వేలు దండగ" అంటున్నాడు. ఇండియా నుంచి మామయ్యగారు "ఎందుకైనా మంచిది, పవర్ ఆఫ్ అటార్నీ ఒకటి రాయించుకోండి" అంటున్నారు. తలా ఒక మాట చెప్తుంటే నాకు టెన్షన్‌గా ఉంది. అసలు క్లోజింగ్‌లో ఈ అటార్నీ చేసేదేమిటి? ఇంకో మాట కూడా అడగాలి. నేను హెచ్4 డిపెండెంట్ వీసా మీద ఉన్నాను, ఉద్యోగం లేదు. లోను మావారి పేరు మీదే వస్తుంది కాబట్టి ఇల్లు కూడా ఆయన పేరు మీదే ఉంటుందట. అంతేనా?
– పేరు వెయ్యొద్దన్న ఒక చెల్లెలు

సమాధానం: మీ ఉత్తరం శనివారం రాత్రి చూశాను. అప్పటికప్పుడు మీకు రెండు ముక్కలు రాసి పంపాను: "మీకు బుధవారం దాకా టైముంది. సోమవారం పొద్దున్నే లాయరుకి ఫోన్ చేయండి." చేశామని మళ్లీ మెయిలు పెట్టారు, గుండెల మీద బరువు దిగింది. ఇదే ప్రశ్న నాకు చాలామంది రాస్తుంటారు కాబట్టి అందరి కోసం ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ముందే ఒక మాట. నేను లాయర్ని కాదు. ఇక్కడ ఒక లా ఆఫీసులో ఏళ్ల తరబడి పారాలీగల్‌గా, అంటే లాయర్లకి సహాయకురాలిగా పనిచేశాను, నా బల్ల మీదకి వచ్చినవన్నీ ఇళ్ల ఫైళ్లే. మీ కాంట్రాక్టులో ఏ మాటకి ఏ అర్థమో తేల్చాల్సింది మాత్రం మీ లాయరే.

మీవారి స్నేహితుడు అబద్ధం చెప్పలేదు. టెక్సస్‌లో అలాగే నడుస్తుంది. అక్కడ రియల్టర్లు రాష్ట్ర రియల్ ఎస్టేట్ కమిషన్ ఆమోదించిన ఫారాలే వాడతారు. ఇంటి హక్కుల చరిత్ర వెతికి దానికి బీమా ఇచ్చే టైటిల్ కంపెనీ ఆఫీసులోనే క్లోజింగ్, అంటే డబ్బు కట్టి ఇల్లు చేతులు మారే ఆఖరి ఘట్టం, అయిపోతుంది. కొనేవాళ్లు కొంచెం డబ్బు కట్టి "ఆప్షన్ పీరియడ్" అని కొన్ని రోజులు తీసుకుంటారు, ఆ రోజుల్లో ఏ కారణం చెప్పకుండానైనా వెనక్కి రావచ్చు. కాలిఫోర్నియాలో డబ్బు, కాగితాలు మధ్యవర్తిగా పట్టుకునే ఎస్క్రో వాళ్లు చూసుకుంటారు. న్యూయార్క్‌లో ఇంకోలా ఉంటుంది, ఇరువైపుల లాయర్లు కాంట్రాక్టు రాసుకుని సరే అనుకున్నాకే సంతకాలు. జార్జియాలో లాయరు లేకుండా క్లోజింగే జరగదు, కానీ అక్కడో చిక్కుంది. ఆల్ఫరెటాలో, కమ్మింగ్‌లో కొన్న మనవాళ్లు చాలామంది "మాకు లాయరు ఉన్నాడు" అనుకుంటారు. ఆ బల్ల దగ్గర కూర్చునే లాయరు మామూలుగా అప్పిచ్చే బ్యాంకు తరఫు మనిషి. మన ఊళ్లో హోమ్ లోనుకి బ్యాంకు ప్యానెల్ అడ్వొకేట్ లీగల్ ఒపీనియన్ ఇస్తాడు చూడండి, ఆ ఒపీనియన్ బ్యాంకుకి ఇచ్చేది, మనకి కాదు. ఇదీ అంతే.

న్యూజెర్సీ సంగతికి వద్దాం. ఇక్కడ రియల్టర్ తయారుచేసిన కాంట్రాక్టులో "అటార్నీ రివ్యూ" అని ఒక క్లాజు తప్పనిసరిగా ఉండాలి. 1983లో రాష్ట్ర బార్ అసోసియేషన్‌కీ రియల్టర్ల బోర్డులకీ మధ్య నడిచిన కేసులో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఆమోదించిన ఏర్పాటు అది. కాంట్రాక్టులు రాయడం లాయర్ల పని, రియల్టర్లు ఎలా రాస్తారన్నది గొడవ. రాసుకోండి, కానీ సంతకాలయ్యాక మూడు పనిదినాలు ఇరువైపుల వాళ్లకీ లాయరుకి చూపించుకునే హక్కు ఉండాలి అని తేల్చారు. శనివారం, ఆదివారం, సెలవులు లెక్కలోకి రావు. మీకు శుక్రవారం సంతకాలైన కాపీ చేతికొచ్చింది కాబట్టి సోమ, మంగళ, బుధ. ఆ లోపు లాయరు "ఈ కాంట్రాక్టుకి నేను ఒప్పుకోవడం లేదు" అని రాసి పంపితే అది ఆగిపోతుంది. కారణం ఏదైనా సరే. లాయరు లేక, లేఖ వెళ్లక ఆ మూడు రోజులు గడిచిపోతే మీరు ఫోన్లో పెట్టిన ఆ సంతకమే ఖాయమైపోతుంది, అందులో ఏముంటే అదే.

ఇందుకే నేనెప్పుడూ చెబుతుంటాను, ఇక్కడ లాయరు అసలు పని క్లోజింగ్ రోజున కాదు, సంతకం పెట్టిన మొదటి మూడు రోజుల్లో. మీవారి స్నేహితుడు చూసింది ఆఖరి రోజు ఒక్కటే. అప్పటికి అందరి పనీ అయిపోయి ఉంటుంది, కాగితాల మీద సంతకాలు మిగిలి ఉంటాయి. ఆ రోజు చూసి లాయరు దండగ అనుకోవడం పెళ్లిరోజు చూసి వంటవాడు ఏం చేశాడు, వడ్డించినవాళ్లేగా అనుకోవడంలా ఉంటుంది.

ఈ హక్కు అవతలివాళ్లకీ ఉంటుందని మర్చిపోకండి. రివ్యూ పూర్తయ్యేదాకా అమ్మేవాళ్ల లాయరు కూడా కాంట్రాక్టుని వదిలేయొచ్చు, వాళ్లకి మంచి ఆఫరు వస్తే వెళ్లిపోతారు కూడా. అందుకని ఆ రోజుల్లో గృహప్రవేశం ముహూర్తం పెట్టించుకుని వాట్సాప్‌లో ఇంటి ఫోటోలు తిప్పేయకండి. ఒక్కోసారి ఇద్దరు లాయర్లూ ఒప్పుకుని ఈ రివ్యూని వారం పది రోజులు సాగదీస్తారు. అది మామూలే, కంగారుపడకండి.

సరే, ఆ మూడు రోజుల్లో ఏం చేస్తారు? ముందు మీ కాంట్రాక్టు పీడీఎఫ్ తెరవండి. మొదట్లోనే "సంతకం పెట్టేముందు ఇది చదవండి" అని కొనేవాళ్లకీ అమ్మేవాళ్లకీ ఒక నోటీసు ఉంటుంది. అన్నయ్య మిమ్మల్ని అక్కడ "ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి" అని దాటించేసి ఉంటారు. అది ఊరికే పెట్టలేదు. దక్షిణ న్యూజెర్సీలో లాయర్లు లేకుండానే ఇళ్లు కొనడం అలవాటు, ఉత్తరాన లాయర్లతో కొనడం అలవాటు. లాయరు లేకుండా జరిపించడం చట్టవిరుద్ధమా కాదా అన్నది 1995లో మళ్లీ సుప్రీంకోర్టుకి వెళ్లింది. కోర్టు ఆ అలవాటుని ఆపలేదు గానీ ఈ నోటీసు ఉండాల్సిందే అంది. రియల్టరూ టైటిల్ కంపెనీ వాళ్లూ మీకు న్యాయసలహా ఇవ్వలేరు, సొంత లాయరు లేకపోతే ఆ సలహా మీకు దొరకదు, పెట్టుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం అని దాని సారాంశం. ఈ రాత్రి ఒకసారి చదవండి. మీ ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది.

రియల్టర్ అన్నయ్య మీద నాకేం అనుమానం లేదు. పైగా లాయరుని పెట్టుకోమని ఆయనే చెప్పారు, మంచి పని చేశారు. కానీ క్లోజింగ్ అయితేనే ఆయనకి కమిషన్. లోన్ ఆఫీసరుకీ అంతే. టైటిల్ కంపెనీకి ప్రీమియం వచ్చేదీ అప్పుడే. లాయరు కూడా ఫీజు చాలావరకు క్లోజింగ్ రోజే తీసుకుంటారు, నిజమే. అయితే ఇల్లు ఆరు లక్షలకి అమ్ముడైనా తొమ్మిది లక్షలకి అమ్ముడైనా ఆ ఫీజు అంతే. పైగా కాంట్రాక్టు చూసి "ఈ ఇల్లు మీకొద్దు" అని మీకు న్యాయసలహా ఇవ్వగలిగేది ఆ ఒక్కరే. నేను చూసినంతలో ఫీజు 1,500 నుంచి 2,500 డాలర్ల మధ్య ఉంటుంది.

ఇప్పుడు లాయరు రాసే లేఖ, అంటే ఈ మార్పులు చేస్తేనే ఒప్పుకుంటామని అవతలి లాయరుకి పంపేది. రెండు మూడు పేజీలు, నంబర్లు వేసి ఉంటుంది. అందులో పర్మిట్ల పేరా ఒకటి ఉంటుంది. దాని గురించి నాకు బాగా తెలుసు, ఎలాగంటే ఒకసారి వాత పెట్టించుకున్నాను.

2004లో మేం మొదటి ఇల్లు కొన్నప్పుడు నేనింకా ఈ ఉద్యోగంలో చేరలేదు. లాయరు తొమ్మిది వందలన్నాడు. మావారు "ఫర్నిచరుకి పనికొస్తాయి" అన్నారు. పెట్టుకోలేదు. ఆ ఇంటి వెనక పెద్ద డెక్ ఉండేది, నిజం చెప్పాలంటే దాన్ని చూసే ఇల్లు నచ్చింది. 2011లో అమ్మకానికి పెట్టినప్పుడు కొనేవాళ్ల లాయరు టౌన్‌షిప్‌కి ఓప్రా రిక్వెస్టు పెట్టింది. అంటే పబ్లిక్ రికార్డుల చట్టం కింద ఆ ఇంటికి తీసుకున్న పర్మిట్లన్నీ చూపించమని అడగడం. డెక్‌కి పర్మిటే లేదని తేలింది. మాకంటే ముందున్నాయన ఎప్పుడో సొంతంగా కట్టించుకున్నాడు. అది మాకు తెలీదు, కానీ ఇల్లు ఇప్పుడు మాది కాబట్టి తప్పూ మాదే. ఇన్‌స్పెక్టరు వచ్చి స్తంభాల పునాదులు ఎంత లోతు తీశారో తవ్వి చూపించమన్నాడు. తవ్వితే జానెడు లేదు. డెక్ పీకించాం. నాలుగు వేల చిల్లర ఖర్చు, క్లోజింగ్ ఐదు వారాలు వెనక్కి. తొమ్మిది వందలు పెట్టి కొన్న సోఫా అప్పటికే చిరిగిపోయింది.

మీరు చూస్తున్న చోట డెక్ కంటే బేస్‌మెంటు పెద్ద సమస్య. ఎడిసన్ చుట్టుపక్కల పాత ఇళ్లలో అత్తమామలొస్తే ఉంటారని బేస్‌మెంట్లో గది, బాత్రూము, ఒక్కోసారి రెండో స్టవ్ కూడా పెట్టించేస్తారు. లిస్టింగులో "ఫినిష్డ్ బేస్‌మెంట్" అని గొప్పగా వేస్తారు. దానికి పర్మిట్ ఉందా, తీసుకున్న పర్మిట్ చివరి ఇన్‌స్పెక్షన్ దాకా వెళ్లి ముగిసిందా అన్నది ఎవరూ అడగరు. మీ లాయరు అడుగుతారు. "ఇంట్లో చేసిన పనులన్నిటికీ పర్మిట్లు ఉన్నాయి, తెరిచి ఉన్నవి క్లోజింగ్‌లోగా అమ్మేవాళ్లే ముగించాలి" అని లేఖలో ఒక వాక్యం చేరుస్తారు. ఆ ఒక్క వాక్యం లేక నాకు డెక్ పోయింది.

పాత ఇల్లయితే ఆయిల్ ట్యాంకు సంగతి కూడా ఉంటుంది. ఒకప్పుడు ఇక్కడ ఇళ్లకి నూనెతో వెచ్చదనం. గ్యాసు వచ్చాక ట్యాంకుని పెరట్లోనే మట్టికింద వదిలేశారు. దాన్ని వెతికించడానికి కొన్ని వందల డాలర్లు. అది కారి మట్టి పాడయ్యుంటే శుభ్రం చేయించడానికి పదుల వేలు, ఆ బాధ్యత కొత్త యజమాని నెత్తిన పడుతుంది, మామూలు ఇంటి ఇన్సూరెన్సు చాలాసార్లు ఇవ్వదు. ట్యాంకు దొరికితే కాంట్రాక్టు వదులుకునే వీలు ఉండాలని కూడా లేఖలోనే రాయించుకోవాలి. వరద సంగతి అడగడం ఈమధ్య తేలికైంది. 2021 సెప్టెంబరులో ఐడా తుపాను అవశేషాలు వచ్చి మాన్‌విల్ లాంటి ఊళ్లు మునిగాక చట్టం మార్చారు. 2024 మార్చి నుంచి అమ్మేవాళ్లు వరద చరిత్ర రాసివ్వాలి. ఆ ఫారం మీ చేతికొచ్చిందేమో చూసుకోండి.

మీ ఇంటికి అన్నిటికంటే ముఖ్యమైంది ఇంకోటి ఉంది. మీవారు హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నారనుకుంటాను. క్లోజింగ్‌కి ఇంకా ఆరేడు వారాలు ఉంటుంది. ఈలోపు ఉద్యోగం పోతే? హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి గరిష్ఠంగా 60 రోజుల గడువు, ఆ తర్వాత దేశంలోనే ఉండగలరో లేదో తెలీదు, లోను మాత్రం రాదు. లోను రాకపోతే కాంట్రాక్టు వదులుకోవచ్చనే మార్ట్‌గేజ్ క్లాజు అచ్చు ఫారంలో ఉంటుంది గానీ దానికొక తారీఖు ఉంటుంది. ఆ తారీఖు దాటాక లోను ఆగిపోతే మీ డిపాజిట్ చిక్కుల్లో పడొచ్చు. 7 లక్షల 20 వేల ఇంటికి పది శాతం డిపాజిట్ అంటే 72 వేలు. "మా తప్పు లేకుండా ఉద్యోగం పోతే, వీసా స్థితి మారితే డిపాజిట్ వెనక్కి ఇవ్వాలి" అని రాయించమని మీ లాయరుని అడగండి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోవచ్చు, కొంతవరకే ఒప్పుకోవచ్చు. అడక్కుండా మాత్రం ఊరుకోకండి. డిపాజిట్ ఎవరి ట్రస్ట్ ఖాతాలో ఉంటుందో కూడా అడగండి. ఇక్కడ చాలావరకు అమ్మేవాళ్ల లాయరు ఖాతాలో ఉంటుంది. అమ్మేవాళ్ల సొంత ఖాతాకి ఒక్క డాలరు కూడా వెళ్లకూడదు. బయానా చేతికిచ్చి రసీదు రాయించుకునే మన అలవాటు ఇక్కడ పనికిరాదు.

రివ్యూ అయ్యాక ఇన్‌స్పెక్షన్. రిపోర్టు నలభై పేజీలొస్తుంది, అన్నీ ఎర్ర అక్షరాలే. లాయరు దాన్నుంచి నిజంగా అడగాల్సినవి ఏరి అవతలి లాయరుకి రాస్తారు. ఆ ఉత్తరప్రత్యుత్తరాల గురించి ఎక్కువ చెప్పను, మీకే తెలుస్తుంది.

ఆ తర్వాత టైటిల్. మన దగ్గర ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు చూస్తారు కదా. ఇక్కడ ఆ పని టైటిల్ కంపెనీ చేసి "బైండర్" అని ఒక కట్ట పంపిస్తుంది. పాత అప్పులు, తీరని పన్నులు, పక్కవాళ్ల దారిహక్కులు, కోర్టు తీర్పులు అన్నీ అందులో ఉంటాయి. దాన్ని చదివి, ఏవి క్లోజింగ్‌లోగా తొలగాలో పట్టుకుని అవతలివాళ్ల వెంటపడేది లాయరు. సర్వే ప్లాన్‌లో పక్కింటి కంచె మీ స్థలంలోకి రెండడుగులు వచ్చిందా అని చూసేదీ వాళ్లే.

ఇందులో మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఒక తమాషా ఉంది. ఈ రాష్ట్రంలో ఎవరిమీదైనా సుపీరియర్ కోర్టు తీర్పు నమోదైతే అది రాష్ట్రంలో వాళ్లకున్న స్థిరాస్తులన్నిటికీ అంటుకుంటుంది. అందుకని టైటిల్ కంపెనీ అమ్మేవాళ్ల పేర్లతో పాటు కొనేవాళ్ల పేర్లు కూడా వెతుకుతుంది. రావు, రెడ్డి, కుమార్, శ్రీనివాస్ అని వెతికితే ఏమవుతుందో ఊహించండి. ఒకసారి మా ఆఫీసుకొచ్చిన ఒకాయన పేరుకి పదకొండు పేజీల తీర్పులు వచ్చాయి. క్రెడిట్ కార్డు బాకీలు, ఆసుపత్రి బిల్లులు, ఒక చైల్డ్ సపోర్టు కేసు కూడా. ఆ చివరిది చూసి పక్కన కూర్చున్న ఆయన భార్య ముఖం మారిపోయింది. "అయ్యో, ఇది మీవారు కాదమ్మా, పేరొక్కటే" అని నేను ఎంత చెప్పినా, అందులో ఉన్న అడ్రసు మీద వేలు పెట్టి, మేమెప్పుడూ ఆ ఊళ్లో లేమని ఆవిడే తేల్చుకునేదాకా నమ్మలేదు. ఆ పదకొండు పేజీలకీ "వీళ్లెవరూ నేను కాదు" అని అఫిడవిట్ రాయించి నోటరీ చేయించాం. అలాగే పాస్‌పోర్టులో ఒకలా, డ్రైవర్ లైసెన్సులో ఇంటిపేరు ముందుకో వెనక్కో జరిగి ఇంకోలా ఉంటుంది మనకి. రెండూ ఒకరివే అని మరో అఫిడవిట్. మీ ఇద్దరి పేర్లు ఎన్ని రకాలుగా ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక కాగితం మీద రాసి లాయరుకి ముందే ఇవ్వండి, చివరి రోజు పరుగులు తప్పుతాయి.

అమ్మేవాళ్లు కూడా మనవాళ్లే అయి, ఇండియాకి తిరిగి వెళ్లిపోయి ఉంటే లాయరుకి ఆ ముక్క ముందే చెప్పండి. పన్నుల చట్టం దృష్టిలో విదేశీయులైనవాళ్ల దగ్గర ఇల్లు కొంటే, ధరలో కొంత శాతం, చాలా సందర్భాల్లో 10 లేదా 15 శాతం, కొనేవాళ్లే పట్టుకుని అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి కట్టాలి. పట్టుకోకపోతే ఆ పన్ను కొనేవాళ్ల మెడకే చుట్టుకుంటుంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఉత్తరం చివర, ఇంకో మాట అంటూ రాశారు గానీ నాకు అదే మొదటి ప్రశ్నగా కనిపించింది.

లోను ఎవరి పేరు మీద ఉందో ఇల్లు కూడా వాళ్ల పేరు మీదే ఉండాలని లేదు. అవి రెండు వేరు వేరు కాగితాలు. అప్పు తీరుస్తానని రాసిచ్చేది నోటు. జీతం మీవారిది కాబట్టి దానిమీద ఆయన ఒక్కరే సంతకం పెట్టొచ్చు. ఇల్లు ఎవరిదో చెప్పేది డీడ్. అందులో మీ ఇద్దరి పేర్లూ వేయించుకోవచ్చు, హెచ్4 అయినా, జీతం లేకపోయినా. డీడ్ మీద పేరుంటే ఇంటిని బ్యాంకుకి తాకట్టు పెట్టే మార్ట్‌గేజ్ కాగితం మీద మీరూ సంతకం పెడతారు. నోటు మీద పెట్టరు కాబట్టి ఆ అప్పు మీ సొంత బాకీ అవదు. బ్యాంకులు రోజూ చేసే పనే ఇది. లోన్ ఆఫీసరు "ఒక్కరి పేరయితే ఈజీ" అంటే, ఎవరికి ఈజీ అని అడగండి.

న్యూజెర్సీలో డీడ్‌లో భార్యాభర్తలుగా ఇద్దరి పేర్లూ రాస్తే దాన్ని "టెనెన్సీ బై ది ఎంటైరిటీ" అంటారు. ఒకరు పోతే ఇల్లంతా రెండోవారిదే, కోర్టుకి వెళ్లక్కర్లేదు. రెండోవారు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఒకరు తన వాటా అమ్ముకోవడం కుదరదు. ఆయన ఒక్కరి పేరే ఉండి, వీలునామా లేకుండా ఏదైనా జరిగితే చంటిబిడ్డని ఎత్తుకుని, వారసత్వ వ్యవహారాలు చూసే కౌంటీ సరొగేట్ ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లని నేను చూశాను. కాపురముంటున్న ఇంటిమీద భార్యకి ఇక్కడి చట్టం కొంత రక్షణ ఇస్తుంది, ఆవిడ సమ్మతి లేకుండా ఆ హక్కుని తీసేయలేరు. కానీ అది ఉండే హక్కే, యాజమాన్యం కాదు.

ఇది మీవారి మీద అనుమానంతో అడిగే మాట కాదు. ఆయనకి కూడా చాలావరకు తెలియకే అలా అని ఉంటారు. లాయరుకి మొదటి ఫోనులోనే "డీడ్ మా ఇద్దరి పేర్ల మీద, భార్యాభర్తలుగా" అని చెప్పండి. కాంట్రాక్టులో మీ పేరు లేకపోతే రివ్యూ లేఖలోనే చేర్పిస్తారు. లోను వాళ్లకీ టైటిల్ వాళ్లకీ అప్పుడే తెలుస్తుంది. క్లోజింగ్‌కి రెండ్రోజుల ముందు అడిగితే అందరూ విసుక్కుంటారు, వాయిదా పడుతుందని మిమ్మల్నే బెదిరిస్తారు.

మామయ్యగారి మాటకి చిన్న జవాబు. పవర్ ఆఫ్ అటార్నీలో ఉన్న అటార్నీ లాయరు కాదు, మన బదులు సంతకం పెట్టే మనిషి. మన జీపీఏ లాంటిదే. జీపీఏ చేతిలో ఉంటే ఆస్తి వచ్చినట్టే అన్న రోజులు అక్కడ కూడా పోయాయి, జీపీఏతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. మీ ఇద్దరూ ఇక్కడే ఉంటే మీకు అది అక్కర్లేదు. ఒకవేళ క్లోజింగ్ నాటికి మీలో ఒకరు వీసా స్టాంపింగ్‌కి వెళ్లి ఇండియాలో ఇరుక్కుపోతే అప్పుడు కావాలి. అది ఈ ఇంటికి, ఈ లోనుకి అని ప్రత్యేకంగా రాసి ఉండాలి, బ్యాంకు ముందే ఒప్పుకోవాలి, అసలు కాగితం రావాలి, సంతకం అమెరికన్ కాన్సులేటులో గానీ, ఇండియా నోటరీ దగ్గర పెట్టి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లే ధ్రువీకరణ ముద్ర) వేయించి గానీ ఉండాలి. స్టాంపింగ్ ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పేయండి.

ఇక క్లోజింగ్ రోజు. దానికి కనీసం మూడు పనిదినాల ముందు బ్యాంకు "క్లోజింగ్ డిస్‌క్లోజర్" అని ఐదు పేజీలు పంపాలి, 2015 అక్టోబరు నుంచి ఉన్న నియమం. ప్రతి అంకె లాయరుతో కూర్చుని చూడండి. ఇన్‌స్పెక్షన్ తర్వాత అమ్మేవాళ్లు ఇస్తామన్న క్రెడిట్ (తగ్గింపు సొమ్ము) అందులో పడకపోవడం నేను చాలాసార్లు చూశాను. ఎవరూ కావాలని చేయరు, ఒకరి మెయిలు ఇంకొకరికి చేరదు, అంతే. ఆస్తిపన్ను ఇక్కడ ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు ఒకటో తారీఖుల్లో కడతారు. అమ్మేవాళ్లు ఎన్ని రోజులకి ముందే కట్టేశారో లెక్కగట్టి మీరు వాళ్లకి తిరిగివ్వాలి. ఆ లెక్క కూడా చూడండి. మిలియన్ దాటిన ఇళ్లకి ఉండే "మాన్షన్ ట్యాక్స్" మీకు తగలదు. ఒకవేళ దాటినా 2025 జూలై 10 నుంచి అది అమ్మేవాళ్ల మీదకి మారింది, పాత కబుర్లు చెప్పేవాళ్ల మాట వినకండి.

డబ్బు వైర్ చేసేటప్పుడు మాత్రం ఆగండి. క్లోజింగ్‌కి ఒకట్రెండు రోజుల ముందు, అచ్చం లాయరు ఆఫీసు మెయిలులాగే, అదే లోగోతో, "ఖాతా నంబరు మారింది, ఈ కొత్తదానికి పంపండి" అని ఒకటి రావచ్చు. మెయిళ్లలోకి చొరబడి మీ ఇంటి అడ్రసు, క్లోజింగ్ తారీఖు అన్నీ తెలుసుకుని రాస్తారు దొంగలు. ఆ మెయిల్లో ఉన్న ఫోన్ నంబరుకి చేస్తే దొంగే ఎత్తుతాడు. మొదటి రోజు లాయరు ఆఫీసువాళ్లు చేతికిచ్చిన కార్డు మీదున్న నంబరుకి చేసి, ఖాతా నంబరు ఒక్కో అంకె చదివించుకుని అప్పుడు పంపండి. వెళ్లిన వైరు వెనక్కి రావడం చాలా కష్టం.

లాయరుని ఎంచుకునేటప్పుడు అన్నయ్య ఇచ్చిన మూడు పేర్లలో ఒకర్ని తీసుకుంటే తప్పేం లేదు. కాకపోతే నెలకి పది ఇళ్లు ఆ రియల్టర్ నుంచే వచ్చే లాయరు ఆయన ముఖం చూసి మెత్తబడతారేమో అన్న శంక నాకు ఎప్పుడూ ఉంటుంది. బయటి పేరు ఇంకొకటి కూడా కనుక్కోండి. ఇద్దరికీ ఫోన్ చేసి నాలుగు ముక్కలు అడగండి: మీరు చేసేదంతా ఇళ్ల పనేనా? ఫీజు మొత్తం ఎంత, డీల్ పోతే ఎంత? పర్మిట్ల ఓప్రా రిక్వెస్టు మీరు పెడతారా, నేను పెట్టుకోవాలా? నా ఫోను మీరు ఎత్తుతారా, మీ పారాలీగలా? ఆ చివరిదానికి "పారాలీగల్" అని చెప్పినా భయపడకండి, ఫైలు మొత్తం తెలిసేది ఆవిడకే.

అన్నీ అయ్యాక డీడ్ న్యూబ్రన్‌స్విక్‌లో కౌంటీ క్లర్కు దగ్గర రికార్డవుతుంది. మన సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులోలా వేలిముద్రలు, ఫోటోలు ఏమీ ఉండవు, మీరు వెళ్లక్కర్లేదు కూడా. కొన్ని వారాలకి రికార్డయిన కాపీ లాయరు పంపిస్తారు. ఈలోపు "మీ డీడ్ కాపీ కోసం ఇంత చెల్లించండి" అని సర్కారు ఉత్తరంలాగే ఉండే కవర్లు మీ కొత్త మెయిల్‌బాక్సులో పడతాయి, వాటిని రీసైక్లింగ్ డబ్బాలో వేసేయండి. అసలు డీడ్ వచ్చినప్పుడు మాత్రం మొదటి పేజీలో కొనేవాళ్ల పేర్లు రాసే చోట మీ పేరు ఉందో లేదో, స్పెల్లింగు సరిగ్గా ఉందో లేదో చూసి, నాకొక మెయిలు పెట్టండి.